చదవదగిన ఆత్మకథల్లో మొదటిది

మూర్తిగారు మా ఇంటికి వచ్చిన రోజు ఆయన ఒక చేతిలో ఘారీలనే సూరత్ నేతి మిఠాయిల డబ్బా, ఇంకో చేతిలో నిగనిగలాడే అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఉన్నాయి. మూర్తిగారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అడాజన్‌లో మా సొసైటీకి రెండు సందుల అవతల ఉంటారు. సూరత్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ కలిపి ఒక పుస్తకాల గది ఉండాలని ఆయన చాలాకాలంగా కాళ్లరిగేలా తిరుగుతున్నారు. చివరికి గోడాదరాలో, మగ్గాల పనివాళ్లు పెళ్లిళ్లకూ పేరంటాలకూ వాడుకునే సంఘం హాలులో మూడు బీరువాలు నిలబెట్టగలిగారు. ఒక బీరువా నిండా ఆత్మకథలూ జ్ఞాపకాలూ పెడతారట. వాటిలో తప్పక చదవవలసినవి ఏవో, ఎందుకు చదవాలో ఒక జాబితా రాసి గోడకు అంటించాలట. "రైల్వేలో ఫైళ్లు రాసిన చేత్తోనే ఇన్ని కథలు రాశారు, ఈ పని మీరు తప్ప ఇంకెవరు చేస్తారమ్మా" అన్నారు. పొగడ్తకు ఎవరు పడరు? ఒప్పుకున్నాను. అప్పుడాయన ఘారీల డబ్బాను నావైపు కాస్త జరిపి, "మొదటి పేరుగా ఈ పుస్తకం ఉంటే బాగుంటుందని కమిటీ అభిప్రాయం. బీరువాలు ఇప్పించింది వీరే. ఆవిష్కరణ కూడా అక్కడే పెట్టుకుందామంటున్నారు" అని పుస్తకం చేతికిచ్చారు. అట్ట మీద రాజలింగం సేటు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

పేరు చదవక్కర్లేకుండానే పోల్చుకున్నాను. జుట్టు నెరిసింది, గడ్డం కింద కండ జారింది గాని ఆ నవ్వు ఎక్కడికి పోతుంది? నేను గౌను వేసుకునే వయసులో రోజూ చూసిన నవ్వు. మూర్తిగారికి మంచినీళ్లిచ్చి, టీ ఇచ్చి మర్యాదగానే సాగనంపాను. పాపం ఆయనకేం తెలుసు. ఘారీలను మాత్రం కింద వాచ్‌మన్ ఇంట్లో ఇచ్చేశాను. ఆ మనిషి పేరు మీద వచ్చిన నెయ్యి నా గొంతు దిగదు.

ఆత్మకథలు చదవడం నాకు అన్నం తిన్నంత అలవాటు. పెద్ద పదవులు చేసినవాళ్లవి కాదు, వాటిలో సన్మానాలు ఎక్కువ. నాకు మామూలు మనుషులవి కావాలి. ఒక మంత్రసాని చెబుతుంటే మనవరాలు రాసిపెట్టిన పల్చటి పుస్తకం నా దగ్గరుంది. తన చేతుల మీదుగా పుట్టినవాళ్ల గురించి ఆవిడ రెండు మాటలే చెప్పి, దక్కని బిడ్డలను మాత్రం ఒక్కొక్కరినీ తలుచుకుంది. ఒక గూడ్సు బండి గార్డు రాసుకున్నది ఉంది. సర్వీసంతటిలో ఒకే ఒక్కసారి పచ్చజెండా ఊపకూడని చోట ఊపాడట, దానికి సగం పుస్తకం ఇచ్చాడు. చదువుతుంటే మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది. ఆ రెండూ నా జాబితాలో ఉన్నాయి, దొరికితే వదలకండి. అన్నం పెట్టినవాళ్ల పేర్లు లేని ఆత్మకథను నేను సగంలో మూసేస్తాను. రాసినవాడు ఎక్కడా తప్పు చేయకపోతే అసలు నమ్మను. రాజలింగం సేటు పుట్టిన దగ్గర్నుంచి ఒక్క తప్పూ చేయలేదు. ఆయన రెండేళ్లపాటు రెండుపూటలా తిన్న అన్నం మా అవ్వ, అంటే మా అమ్మ, వండింది. ఆ పుస్తకంలో అవ్వ పేరు ఎక్కడా లేదు. మా బాపు పేరు మాత్రం ఉంది. అది ఎందుకుందో చెప్పాలంటే ముందు ఆ అన్నం సంగతి చెప్పాలి.

ఇప్పుడు గోడాదరాలో మూడంతస్తుల ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడిన చోట అప్పుడు వరసగా రేకుల గదులు ఉండేవి. మాకు రెండు గదులు. ముందు గది మెస్సు, వెనక గది మేము. కరీంనగర్ వైపు పల్లెల్లో పెళ్లాంపిల్లలను వదిలి వచ్చిన మగ్గాల పనివాళ్లు పాతికమంది దాకా మా దగ్గర తినేవాళ్లు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. పగలు సాంచాలు నడిపినవాళ్లు సాయంత్రం, రాత్రి నడిపినవాళ్లు పొద్దున తిండికి వచ్చేవాళ్లు కాబట్టి మా పొయ్యి చల్లారగా నేను చూసింది తక్కువ. మా అవ్వ లచ్చవ్వ పొట్టి మనిషి, గట్టి చేయి. ఆమె జొన్నరొట్టె కొడుతున్న చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పచ్చిపులుసులో పిసికిన ఉల్లిపాయ వాసన, ఆ మనుషుల బనీన్లకు పట్టిన మగ్గం నూనె వాసన కలిసిపోయి మా గోడలకు అంటుకుని ఉండేవి. బడిలో నా పక్కన కూర్చునే గుజరాతీ పిల్ల నా పుస్తకాలు కూడా అదే వాసన వేస్తాయని ముక్కు మూసుకునేది. సాంచాల మోతలో ఏళ్లకేళ్లు నిలబడి అందరికీ చెవులు మందగించాయి. "జర ఉప్పు" అని అడిగినా అది కేకే. కొత్తవాళ్లు మా ఇంటి ముందు నుంచి పోతూ లోపల కొట్లాట జరుగుతోందనుకుని నిలబడి చూసేవాళ్లు.

ఆ మోతలో మాట వినపడదు కాబట్టి వాళ్లకు చేతుల భాష ఒకటుండేది. పోగు తెగిందంటే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఒకటి, ఆకలికి ఒకటి, ఎవడైనా సొంత డబ్బా కొట్టుకుంటుంటే దానికి ఒకటి. అవి నాకు అక్షరాల కంటే ముందే వచ్చాయి. వారానికొకరోజు కరెంటు బంద్. ఆ రోజు మధ్యాహ్నం మాంసం వండేది అవ్వ. ఆ రోజే బడాయిలు. ఒకరు బడాయి చెప్పాలి. వింటే అచ్చం నిజంలా ఉండాలి, కాని ఎక్కడో ఒకచోట తూటు ఉండాలి. విన్నవాళ్లలో తూటును ముందుగా పట్టినవాడు నోరు తెరవకుండా, సైగతోనే దాన్ని చూపించాలి. అతనికి కూరలో నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక, దక్కుతుంది. ఎవరూ పట్టలేకపోతే బొక్క చెప్పినవాడిది. అబద్ధం ఆడటానికి అంత కట్టుదిట్టమైన నియమాలు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నిజం చెప్పడానికి కూడా ఎవరూ అంత శ్రద్ధ పడరు.

బడాయిల్లో మా బాపు నర్సయ్యను మించినవాడు లేడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు మెట్ల మీద పడినప్పటి మచ్చ. చెబుతున్నంతసేపూ ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు. "నేను సూరత్ వచ్చిన దినం యాది చేసుకుంటే ఇప్పటికీ పిక్కలు గుంజుతయ్" అని ఒకసారి మొదలుపెట్టాడు. "బండ్ల నిద్రపోయిన. లేసేసరికి సూరత్ దాటి కిమ్ టేషన్ వచ్చింది. దునికిన. అప్పుడే తెల్లారుతున్నది. పట్టాలు పట్టుకొని ఎన్కకు నడుసుడు షురూ జేసిన. కొత్త పొద్దు సక్కగ నా మొఖాన కొడుతున్నది. కండ్లు తెరువనిస్తలేదు. గట్లనే పొద్దుకు ఎదురుంగ నడుసుకుంట నడుసుకుంట సూరత్ జేరిన." అందరూ బాపు కష్టానికి తల ఊపుతుండగా బాపు పక్క సాంచా నడిపే ఎల్లయ్య కాక నములుతున్నది ఆపాడు. పిడికిలి పైకెత్తి, అదే పొద్దన్నమాట, తన ఎడమ చెంపకు ఆనించాడు. అంతే, గది గొల్లుమంది. కిమ్ నుంచి సూరత్‌కు దక్షిణంగా నడవాలి. ఉదయపు ఎండ ఎడమ చెంపకు కొట్టాలి గాని ముఖానికి ఎలా కొడుతుంది? బాపు నల్లి బొక్కను ఎల్లయ్య కాక పళ్లెంలో వేసి దండం పెట్టాడు.

ఈ నవ్వుల్లో ఒక మూల రాజలింగం కూర్చుని ఉండేవాడు. అతనిదీ మా వైపే. పదో తరగతి చదివాడు కాబట్టి బాపు పనిచేసే కార్ఖానాలో మునీంగా, అంటే గుమాస్తాగా, చేరాడు. నేసిన తాకాలను, అంటే బట్ట చుట్టలను, కొలిచి మడత పెట్టించి మార్కెట్టుకు పంపడం అతని పని. మడత గదిలో కూర్చునేవాడే గాని సాంచా మీద ఏనాడూ చేయి వేయలేదు. అందుకే అతనికి సైగలు రావు. బడాయి అంతా నోరు తెరుచుకుని వినేవాడు. తర్వాత చేతులు ఆడటం, గది పగిలేలా నవ్వడం చూసి తానూ నవ్వేవాడు. రెండేళ్లలో ఒక్కసారి కూడా అతనికి బొక్క దక్కలేదు. అవ్వకే జాలేసి "పిలగాడు తింటలేడు" అని తన వంతు ముక్కలు అతని పళ్లెంలో వేసేది. మా అవ్వ చేతి మాంసం తిన్న మనిషి అలా చేస్తాడని ఎవరనుకుంటారు.

ఒక సెలవు రోజు బాపు ఎప్పటికంటే పెద్ద బడాయికి పోయాడు. "మీకు చెప్తున్న, బయటికి పోనియ్యకుండ్రి" అని గొంతు తగ్గించినట్టు నటించి, "ఆర్నెల్లసంది దినాం నా సాంచా మీది పడుగులకెంచి నూరు పోగులు గుంజుకొస్తున్న. కడుపుకు సుట్టుకొని అంగీ ఏసుకుంట. సేటుకు తెల్వది, మేస్త్రీకి తెల్వది. ఇగో, లచ్చవ్వ కట్టిన చీర ఆ నూలుదే" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన అవ్వ కొంగు పట్టుకుని గిర్రున తిరిగి చూపించింది కూడా. పడుగు అంటే బట్టలో నిలువుగా సాగే పోగులు. నడుస్తున్న సాంచా మీద వాటిలో ఒక్కటి తప్పిపోయినా, బట్ట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పొడుగాటి గీత పడుతుంది. నూరు తీస్తే అది బట్ట కాదు, జల్లెడ. ఎల్లయ్య కాక వేలితో గాలిలో పొడుగ్గా ఒక గీత గీశాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక చూస్తే రాజలింగం కూర్చున్న చోట సగం తిన్న పళ్లెం ఉంది, మనిషి లేడు.

మర్నాడు కార్ఖానా సేటు స్వయంగా సాంచాల దగ్గరికి వచ్చాడు. బాపును అందరి ముందూ నిలబెట్టి అంగీ విప్పించాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోతేనేం, "ఇస్‌నే ఖుద్ బోలా హై" అన్నాడు. తానే ఒప్పుకున్నాక ఇంకేం రుజువు కావాలి? ఎల్లయ్య కాకతో కలిసి నలుగురు వెళ్లి అది మావాళ్ల ఆట సేటూ అని మొత్తుకున్నారు. ఇంట్లో కూర్చుని దొంగతనం గురించి చెప్పుకుని నవ్వే ఆట ఏమిటని ఆయన వీళ్లను కూడా అనుమానంగా చూశాడు. బాపు నేసిన బట్టలో గీత లేదని చూపిద్దామంటే ఆ బట్ట అప్పటికే మార్కెట్టుకు పోయింది, సాంచా మీద కొత్త పడుగు ఎక్కింది. దాన్ని మూర మూరా చూసి కొలిచినవాడు ఒక్కడే. అతను సేటు వెనక నిలబడి నేల చూస్తున్నాడు. బాపుకు ఆ గల్లీలో ఏ కార్ఖానాలోనూ మళ్లీ సాంచా దక్కలేదు. దొంగ అన్న మాట మనిషి కంటే ముందు నడుస్తుంది. తర్వాత ఆయన పోయేదాకా బట్టల మార్కెట్టులో మూటలు మోశాడు. మోతే, నేత కాదు. వారానికొకసారి మాంసం వండుతూనే ఉంది అవ్వ. మనుషులు వచ్చారు, తిన్నారు, చేతులు కడుక్కుని వెళ్లారు. బాపు ఆ రోజు తర్వాత ఒక్క బడాయి చెప్పలేదు. "చెప్పు బాపూ, ఒక్కటి" అని నేను మోకాలు పట్టుకుని ఊపితే, "నా అబద్ధం నిజమైపోయింది బిడ్డా, ఇంకేం చెప్తా" అన్నాడు. చిన్నపిల్లనైనా ఆ మాట నాకు అర్థమైంది. అర్థమైన రోజు నుంచి రాజలింగం మీద పళ్లు నూరుతున్నాను.

అలాంటి చరిత్ర ఉన్నవాడి పుస్తకం నా బల్ల మీదికి ఘారీలతో సహా వచ్చింది. ఎవరో చేయి తిరిగినవాళ్ల చేత రాయించుకున్నాడు, భాష బాగుంది. ఒక్క రోజులో చదివేశాను. రెండో అధ్యాయంలోనే రైలు వచ్చింది. యువకుడైన రాజలింగం బండిలో నిద్రపోయి కిమ్‌లో దిగాడు. "ఉదయభానుడు నా ముఖంలోకి సూటిగా చూస్తూ నన్ను సూరత్‌కు నడిపించాడు" అని ఉంది. నేను పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చదివాను. అదే కిమ్, అదే పొద్దు, అదే తూటు. నాలుగో అధ్యాయంలో నాడె వచ్చింది. నాడె అంటే షటిల్, సాంచాలో ఆ పక్కకూ ఈ పక్కకూ దూసుకుపోతూ అడ్డపోగును మోసుకెళ్లేది. అది ఎగిరి వచ్చి రాజలింగం కనుబొమ్మ చీల్చిందట. "నెత్తురు కళ్లలోకి కారుతున్నా నేను సాంచాను ఆపలేదు. తాకా పూర్తయ్యేవరకు నేస్తూనే ఉన్నాను." ఇదీ మా బాపు బడాయే, తన మచ్చ చూపిస్తూ చెప్పేవాడు. సాంచా మీద చేయి వేయనివాడి నెత్తురు సాంచా మీద కారింది! అక్కడిదాకా నాకు నవ్వే వచ్చింది, నిజం చెప్పాలి. ఆరో అధ్యాయం పేరు 'దొంగను పట్టిన రోజు'. "నర్సయ్య అనే పనివాడు ఆరు నెలలుగా పడుగు పోగులు దొంగిలిస్తున్నాడు. నా నిఘా వల్ల పట్టుబడ్డాడు. యజమాని నన్ను నమ్మడం ఆ రోజే మొదలైంది. నా ఎదుగుదలకు అదే తొలి మెట్టు." వీడు మా బాపు బతుకులోంచి మంచివన్నీ తీసి తాను తొడుక్కున్నాడు, మిగిలిన ఒక్క దొంగతనాన్ని మాత్రం బాపుకు వదిలాడు.

ఆ పుస్తకాన్ని జాబితాలోంచి కొట్టేయడం ఎంతసేపు? మూర్తిగారు నొచ్చుకునేవారు, ఇంకెవరో నాలుగు వాక్యాలు రాసేవారు, సేటు శాలువా కప్పుకునేవాడు. నాకు అది చాలదు. నిజం నేను అచ్చు వేయిద్దామన్నా ఒక చిక్కుంది. మా బాపు ప్రతి సెలవు రోజూ అబద్ధాలు చెప్పేవాడని నేనే రాయాలి. ఆ ఆట తెలియనివాళ్లు చదివితే దొంగతో పాటు అబద్ధాలకోరు అని కూడా అంటారు. ఆట తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారు? ఇప్పటి నీళ్ల మగ్గాలకు అసలు నాడే లేదు, నీటి ధార పోగును లాక్కుపోతుంది. మా అన్న కొడుకే నాలుగు మగ్గాలు చూసుకుంటాడు, వాడికి నాడె ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపించాలి. గోడాదరా వెళ్లి ఎల్లయ్య కాకను కలిశాను. ఎనభై దాటాడు, మంచం పక్కన కర్ర, చెవులు పూర్తిగా పోయినట్టే. మూడు అధ్యాయాలూ గట్టిగా చదివి వినిపించాను. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత, "సాంచా నడిపినోళ్లం ఏడుగురమే ఉన్నం బిడ్డా. జల్ది చెయ్" అన్నాడు.

జాబితాలో మొదటి పేరుగా రాజలింగం సేటు పుస్తకాన్నే రాశాను. కింద నాలుగు వాక్యాలు: "సూరత్‌లోని మగ్గాల జీవితం తెలుసుకోవాలనుకునేవారు ఈ ఆత్మకథను తప్పక చదవాలి. ఒంటరిగా చదివితే దీని విలువ తెలియదు. సాంచాలు నడిపిన పెద్దవాళ్ల మధ్య కూర్చుని గట్టిగా చదివించుకుని వినాలి. ప్రతి పేజీలో ఏదో ఒకటి దొరుకుతుంది." ఇందులో ఒక్క అబద్ధం లేదు. మూర్తిగారు చదివి మురిసిపోయారు. ఆవిష్కరణ రోజున కొన్ని పేజీలు నేనే చదువుతానని, ముందు వరస పాత కార్మికులకు ఇవ్వాలని అడిగితే, "ఎంత మంచి ఆలోచనమ్మా" అన్నారు.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. సేటు వేదిక మీద శాలువాతో కూర్చున్నాడు. నన్ను ఎవరో రచయిత్రి అనుకున్నాడు, నమస్కారం పెట్టాడు. మెస్సు లచ్చవ్వ బిడ్డనని నేనూ చెప్పలేదు. కిమ్ అధ్యాయం మైకులో గట్టిగా చదివాను. ఉదయభానుడి దగ్గరకు వచ్చేసరికి ముందు వరసలో ఎల్లయ్య కాక పిడికిలి పైకి లేచి ఎడమ చెంపకు ఆనింది. వెంటనే ఇంకో ఆరు పిడికిళ్లు. ఏడుగురు ముసలివాళ్లు తుంపర్లు పడేలా నవ్వారు. సేటు వేదిక మీద నుంచి ఆ చేతులను చూశాడు, అర్థం కాలేదు, చేతులు జోడించి తానూ నవ్వాడు. వెనక కూర్చున్న కుర్రాళ్లు ఆగలేకపోయారు. "క్యా హువా తాతా? మొఖం మీద హాథ్ ఎందుకు పెట్టుకుంటున్నరు?" అని ఒకడు అడిగాడు. ఎల్లయ్య కాక అప్పుడు జీవితంలో మొదటిసారి తూటును నోటితో చెప్పాడు. కుర్రాళ్లు ఫోన్లు తీసి కిమ్ ఎటు ఉందో, సూరత్ ఎటు ఉందో చూసుకుని విరగబడ్డారు. నాడె అధ్యాయానికి నేను ఆగనే అక్కర్లేకపోయింది. "నాడె బయటవడ్డంక సాంచా దేంతోని నేసింది సేటూ, నీ మొలతాడుతోనా?" అని ముందు వరసలోంచే ఇంకో ముసలాయన కేకేశాడు. హాలు హాలంతా ఊగిపోయింది. మూర్తిగారు నావైపు బిత్తరచూపులు చూస్తున్నారు. సేటు నవ్వు ముఖానికి అంటుకుపోయి ఉంది, తీయడానికి రావడం లేదు.

అప్పుడు ఆరో అధ్యాయం తీశాను. "ఇందులో ఉన్న నర్సయ్య మా నాన్న" అని చెప్పి, తొందరపడకుండా ఒక్కో వాక్యం చదివాను. ఎవరూ నవ్వలేదు. ఎల్లయ్య కాక కర్ర మీద బరువు వేసి లేచాడు.

"సేటూ, నర్సన్న నేసిన తాకాలు కొలిసింది ఎవరు?"

"ఎల్లన్నా, యాభై ఏండ్ల కింది ముచ్చట. నాకు యాదుంటదా?"

"యాది లేకుంటే బుక్కు ఎట్ల రాసినవ్?"

సేటు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. కాక కదల్లేదు. "నూరు పోగులు గుంజితే బట్టల గీత పడాలె గదా. ఆర్నెల్ల బట్ట నీ చేతుల మీదికెంచి పోయింది. ఒక్క తాకాల గీత కనవడ్డదా?"

సేటు పెదవులు కదిలాయి. మైకులో ఏదో గాలి వినిపించింది.

"జర గట్టిగ చెప్పు. మాకు చెవులు వినవడయ్" అన్నాడు కాక. మిగతా ఆరుగురూ చెవుల దగ్గర చేతులు పెట్టుకుని ముందుకు వంగారు. సేటు ఇంకోసారి చెప్పాడు. "వినవడ్తలేదు!" అన్నారు. చివరికి ఆయన లేచి నిలబడి, గొంతు చించుకుని, "లేదు! గీత లేదు! ఒక్కటి గూడ లేదు!" అని అరిచాడు. హాలులో చిన్నపిల్లలు కూడా విన్నారు. ఇంత సంతోషం నేను నా పిల్లల పెళ్లిళ్లలో కూడా పడలేదు, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం సేటు ఒక్కడే మా ఫ్లాటుకు వచ్చాడు. డ్రైవరును కిందే ఉంచాడు. సోఫా అంచున కూర్చుని నా వంటింటి వైపు చూసి, "లచ్చవ్వ ఉన్నదా?" అని అడిగాడు. పోయి చాలా ఏళ్లయిందని చెప్పాను. తల ఊపాడు. "రెండో ముద్రణల ఆ పేజీలన్నీ తీసేస్త బిడ్డా. నర్సన్న పేరే ఉండది. జర నువ్వు ఆ జాబితాల నుంచి నా బుక్కు తీసెయ్" అన్నాడు. బడాయి అని అప్పట్లో తెలియక నిజమే అనుకున్నారా అని అడిగాను. అతను పాపమే చేశాడో, మూర్ఖత్వమే చేశాడో తెలుసుకోవాలని ఇన్నేళ్లుగా నాకుంది. సేటు తన చేతివేళ్లు చూసుకుంటూ చెప్పాడు. "ఆ దినం నిజమే అనుకున్న. మల్లనాడు పొద్దుగాల ఆఖరి తాకాలు మార్కెట్టుకు పంపే ముందట కొలుసుకుంట చూసిన. గీత లేదు. అప్పుడే సమజైంది. గని కార్ఖాన సేటు అప్పటికే నా భుజం మీద చెయ్యేసి శభాష్ అన్నడు. ఎట్ల చెప్పాలె?"

అంటే తెలుసు. మర్నాటి నుంచే తెలుసు. బాపు మూట నెత్తిన పెట్టుకుని మార్కెట్టు మెట్లెక్కిన ప్రతి రోజూ ఈ మనిషికి తెలుసు. నాకు కొట్టాలనిపించింది. ఎనభై ఏళ్లకు చేరుతున్న మనిషిని, నా ఇంట్లో, చేయెత్తి కొట్టాలనిపించింది. కొట్టలేదు. "పేజీలు తీయకండి. ఇప్పుడు చెప్పింది కూడా అందులో రాయండి, అప్పుడది నిజంగా ఆత్మకథ అవుతుంది" అన్నాను. "రాస్తే మాఫ్ చేస్తవా?" అన్నాడు. "లేదు. రాసినా చేయను" అన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకుంటుంటే లిఫ్టు దాకా కూడా వెళ్లలేదు.

కాబట్టి ఇది చదువుతున్నవాళ్లకు నా సిఫారసు మారలేదు. మంత్రసాని పుస్తకం చదవండి, గార్డు పుస్తకం చదవండి, వాటికంటే ముందు రాజలింగం సేటు ఆత్మకథ చదవండి. ఇప్పుడు దాన్ని తీసుకుపోయే కుర్రాళ్ల వరస ఎక్కువైందని మూర్తిగారు కాస్త భయంగానే చెబుతున్నారు. ఆరో అధ్యాయం అయ్యాక వాళ్లలో చాలామంది సేటు ఇంటికే వెళ్లి, ఇది నిజమేనా అని అడుగుతున్నారట. దారి తెలియనివాళ్లకు నేనే చెబుతున్నాను. మా బాపు మూటలు మోసినన్నాళ్లూ మార్కెట్టులో ప్రతివాడూ ఆయన్ను ఆపి, "నిజమేనా?" అనే అడిగేవాడు.